తాడు దగ్గర పిడికెడు బియ్యం

ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది విజయమ్మ సిస్టర్. ఆమె మా సబ్‌సెంటర్ ఏఎన్ఎం. ఊరూరూ తిరిగి పిల్లలకు టీకాలు వేసి, గర్భిణులను చూసే ప్రభుత్వ నర్సు. సొంత ఊరు తల్లాడ. తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడేళ్ళ ముందు, జూన్ నెల మొదటి బుధవారం నాడు, భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద బస్సు దిగి, అడవి బాటన మా ఊరికి నడిచి వచ్చారు. భుజాన టీకాల డబ్బా, చేతిసంచిలో సారక్క అని నా పేరిట వచ్చిన కవరు. మా ఊరికి టపా నేరుగా రాదు. రోడ్డు మీది సబ్‌సెంటర్‌లో ఇచ్చిపోతారు. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు తెస్తారు.

సైనిక నర్సింగ్ సర్వీసులో షార్ట్ సర్వీస్ కమిషన్ కోసం నేను పెట్టుకున్న దరఖాస్తును అంగీకరించారు. ఢిల్లీలో ఇంటర్వ్యూ, ఆ వెంటనే వైద్య పరీక్ష. శనివారం ఉదయం హాజరు కావాలి.

కమిషన్ అంటే రాష్ట్రపతి పేరిట వచ్చే అధికారి హోదా. సైన్యంలో చేరిన నర్సు మొదటి రోజునే లెఫ్టినెంట్ అవుతుంది, అంటే భుజం మీద రెండు నక్షత్రాలున్న అధికారి. షార్ట్ సర్వీస్ అంటే గడువుతో కూడిన ఉద్యోగం. పొడిగిస్తూ పోతే పద్నాలుగేళ్ళ దాకా చేయవచ్చు. ఆ పద్నాలుగేళ్ళూ పూర్తిచేసి మేజర్ హోదాలో నేను ఈమధ్యనే బయటికి వచ్చాను. నర్సింగ్ చదువుతున్న పిల్లలు కనబడినప్పుడల్లా అడుగుతుంటారు, ఇంటి పక్కన ఉద్యోగం ఉండగా సైన్యంలోకి ఎందుకు పోయారని, పోయినా మూడు దళాల్లో ఆర్మీనే ఎందుకు కోరుకున్నారని. రెండింటికీ జవాబు ఆ బుధవారం దగ్గరే మొదలవుతుంది.

శనివారం ఢిల్లీలో ఉండాలంటే బుధవారం రాత్రి ఖమ్మంలో రైలెక్కాలి. రాత్రికి ఖమ్మం చేరాలంటే మధ్యాహ్నం బస్సు అందుకోవాలి. చిక్కు అక్కడ వచ్చింది. ఆ బుధవారం మాకు భూమి పండుగ మొదటి రోజు.

మేము కోయలం. తొలకరికి ముందు నేలతల్లికి మొక్కి, పూజారి కలిపి ఇచ్చిన విత్తనం చేతిలో పడ్డాకే మా ఊళ్ళో అరక కడతారు. పండుగ మూడు రోజులు. మొదటి పొద్దున పూజారి, ఊరి పెద్ద సహా మగవాళ్ళంతా వేటకని అడవిలోకి పోతారు. ఈ రోజుల్లో వేట పేరుకే, అడవి చుట్టి వస్తారు. ఉత్తచేతులతో వచ్చారని ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లడం మాత్రం పేరుకు కాదు, బాగానే చల్లుతారు. మగవాళ్ళు అటు పోగానే ఆడవాళ్ళు పొలిమేర దగ్గర బాటకు అడ్డంగా తాడు కడతారు. వచ్చే పోయే బయటివాళ్ళు ఎవరైనా సరే, పైకమో పిడికెడు గింజలో ఇచ్చి, గుండ్రంగా తిరుగుతూ పాడే మా రేల పాటకు ఒక చుట్టు ఆడి, అప్పుడు దాటాలి. ఆ తాడు దగ్గర మాట ఆడవాళ్ళదే. జీపులో వచ్చే ఆఫీసర్లు కూడా దిగి ఆడిపోయారు.

ఊరివాళ్ళకు మాత్రం వేరే కట్టు ఉంది. వేటకు తప్ప, విత్తనం పంచేదాకా పొలిమేర దాటకూడదు. దాటితే ఆ ఏడు వాన ఊరిని విడిచి పక్కనుంచి పోతుందంటారు. నేను ఆ మాటను ఎగతాళి చేసేదాన్ని అప్పుడూ కాను, ఇప్పుడూ కాను. ఏ ఆసుపత్రిలో పనిచేసినా డ్యూటీ మొదలుపెట్టే ముందు ఒంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నాను. పైగా మా ఇంట్లో తొలి పిడికెడు విత్తనం చల్లేది పెళ్ళికాని ఆడపిల్ల. ఆ ఏడు అది నేనే.

సైన్యం ఆలోచన నాకు ఎక్కడ పుట్టిందో కూడా ఇక్కడే చెప్పాలి. ఖమ్మంలో నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతుండగా గోదావరి పొంగి, లంక ఊళ్ళ జనాన్ని భద్రాచలంలో ఒక కళాశాల గదుల్లో ఉంచారు. మా కాలేజీ నుంచి మమ్మల్ని ఆ శిబిరానికి పంపారు. రెండో రోజు ఆర్మీ వైద్య బృందం వచ్చింది. అందులో ఒక నర్సింగ్ ఆఫీసరు, పొట్టిగా, సన్నగా ఉన్న మనిషి. అప్పుడే ఒక పెద్దమనిషి పరామర్శకు వచ్చి, సెలైన్ ఎక్కుతున్న ముసలమ్మ మంచానికి, గుమ్మానికి మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. స్ట్రెచర్ రావడానికి దారి లేదు. మేమంతా చూస్తున్నాం గాని ఒకరూ నోరు తెరవలేదు. ఆ ఆఫీసరు వచ్చి, కుర్చీ తీయండి, దారి కావాలి అంది. గొంతు పెంచలేదు. ఆయన లేచి కుర్చీ తనే జరుపుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒకరు "ఏందమ్మా సిస్టరూ" అనబోతే, పక్కనున్న జవాను "కెప్టెన్ మేడమ్" అని సరిదిద్దాడు.

నర్సు మాటకు కుర్చీ జరగడం అప్పటిదాకా నేను చూడలేదు. ఆ సంవత్సరమే సైన్యానికి దరఖాస్తు ఎప్పుడు, ఎట్లా పెట్టాలో తెలుసుకున్నాను.

ఆ రోజు ఇంట్లో గొడవ మొదలుపెట్టింది మా మేనమామ ఎర్రయ్య. ఆయనది మా ఊరు కాదు, అమ్మ పుట్టినూరు. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా తొలి బస్సుకు పండుగకు వచ్చాడు. నాయన అప్పటికే వేటకు పోయారు. విజయమ్మ సిస్టర్ అరుగు మీద కూర్చుని పిల్లలకు టీకాలు వేస్తున్నారు. మేము ఇంట్లో మాట్లాడేది కోయ భాష. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఢిల్లీ ఏంది పిల్లా? భద్రాచలం దవాఖానాల స్టాఫ్ నర్సులను తీసుకుంటుండ్రు. నేను మాట్లాడి పెట్టిన. పొద్దున పోతవ్, మాపటికి ఇంటికొస్తవ్. గంత దూరం పోయి ఎవలకు సూదులేస్తవ్?"

"పేషెంట్లకే మామా."

"ఎకసెక్కాలొద్దు. అడవిల యూనిఫారమేసుకున్నోళ్ళను జనం ఎట్ల చూస్తరో నీకెరుక లేదా?"

"నాది తెల్ల డ్రెస్సు."

"తెల్లదైతేంది, భుజం మీద నక్షత్రాలుంటయ్ కదా?"

"ఉంటయ్. అవి కావాల్ననే పోతున్న."

ఆయన కోపంలో ప్రేమ లేకపోలేదు. మా వాళ్ళలో జీతం రాళ్ళు తెచ్చిన మొదటి మనిషి ఆయన. నన్ను ఖమ్మం కాలేజీలో చేర్చడానికి వెంట వచ్చింది కూడా ఆయనే. ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉంది. కానీ ఆ రోజు ఆయన మాట వినదలచుకోలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "మీరిద్దరు కొట్లాడుకుంటే ఏమైతది? తాడు కాడ నాగమ్మవ్వ ఉంది. పోయి ఆమెనడుగు" అంది.

బట్టల సంచి తీసుకుని పొలిమేరకు నడిచాను. వెనుక మామ. ఆయన వెనుక, పని ముగించుకుని, టీకాల డబ్బాతో విజయమ్మ సిస్టర్. ఆమె కూడా అదే బస్సుకు పోవాలి.

నాగమ్మవ్వ పూజారి భార్య. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడగలదు. తాడు ఒక కొస చెట్టుకు కట్టి ఉంది, రెండో కొస ఆమె చేతిలో ఉంది. చుట్టూ ఊరి ఆడవాళ్ళు, వాళ్ళలో మా మేనత్త కన్నమ్మ. ఈ అత్త గురించి ఒక మాట. నన్ను చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేర్పిస్తే అన్నం ముట్టకుండా ఏడ్చానని నాయన వారం తిరగకుండానే వెనక్కి తెచ్చారు. అంగన్‌వాడీ టీచరుగా ఉన్న అత్త, "బడికి పోకుంటే బడే ఇంటికొస్తది" అని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించింది. పదో తరగతి ఓపెన్ స్కూలు పరీక్ష రాసేదాకా నాకు ఆమె తప్ప వేరే గురువు లేదు. ఇంటర్‌కు భద్రాచలం పోయినప్పుడు మొదటిసారి బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు తాడు దగ్గర అత్త నోరు విప్పలేదు. విప్పితే చదివించిన నీ వల్లే ఇదంతా అంటారని ఆమెకు తెలుసు.

"అవ్వా, నేను ఢిల్లీ పోవాలె," అన్నాను.

"పోదువులే. ఎల్లుండి గింజలు పంచినంక పో."

"ఎల్లుండికి కాదు, ఇయ్యాల్నే బస్సెక్కాలె."

"కట్టు ఎరుక లేదా? పెద్ద సదువు సదివినవ్, దాంట్ల ఇది చెప్పలేదా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కట్టు తెంపి పారిపోవాలని లేదు. ఇంటర్వ్యూ వదులుకోవాలనీ లేదు. అప్పుడు నా కళ్ళు విజయమ్మ సిస్టర్ మీద పడ్డాయి.

"అవ్వా, పొద్దున సిస్టరమ్మను ఎట్ల రానిచ్చిండ్రు?"

"గామె బయటామె. బియ్యం ఇచ్చింది, ఆడింది, వచ్చింది."

"ఇప్పుడెట్ల పోతది?"

"మళ్ళ ఇస్తది, మళ్ళ ఆడ్తది, పోతది. సక్కగ ఆడదు గాని, ఆడ్తది." మళ్ళీ నవ్వులు. విజయమ్మ సిస్టర్ కూడా నవ్వారు.

"అట్లయితే ఇయ్యాల నన్ను గూడ బయటిదాని కింద లెక్కబెట్టుండ్రి. గింజలిస్త, ఆడ్త, పోత."

నవ్వులు ఆగిపోయాయి. మొదట తేరుకుంది మామే.

"ఏం మాటది? ఊరిదానివి ఊరిదానివే. బయటిదాన్నని నీ నోటితోనే అంటివంటే మళ్ళ ఊళ్ళెకు ఏ మొకంతోని వస్తవ్?"

నాగమ్మవ్వ చుట్ట తీసి ఆయన వైపు తిరిగింది. "ఎర్రయ్యా, నువ్వు పొద్దుగాల ఎట్ల వచ్చినవ్?"

"తాడు దాటి."

"ఏమన్న ఇచ్చినవా?"

"ఇచ్చిన కదనే."

"ఆడినవా?"

"నిద్ర మొకంతోని అంత ఆడిచ్చిండ్రు, ఇంక అడుగుతవా?"

"మరి నువ్వే బయటోనివి. మా ఊరి కట్టు సంగతి నీకెందుకయ్యా? జర పక్కకు నిలబడు. దారికి అడ్డమున్నవ్."

మామ పక్కకు జరిగాడు. నాకు శిబిరంలో జరిగిన కుర్చీ గుర్తొచ్చింది.

నాగమ్మవ్వ నన్ను వదిలిపెట్టలేదు. "చూడు పిల్లా. బయటిదాన్నంటే బయటిదానివే. ఎల్లుండి గింజల్ల నీకు వాటా లేదు. మీ ఇంట్ల తొలి పిడికెడు నీ చెయ్యి చల్లదు. తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"వాన రాకుంటే నీ పేరే చెప్తరు."

"చెప్పనియ్యి."

ఆమె గింజలు ఇయ్యమని చెయ్యి చాపింది. సంచిలో అమ్మ కట్టిచ్చిన మూటలో నుంచి పిడికెడు బియ్యం తీశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవి మీ చేన్ల పండినయి కద. ఊరి బియ్యం ఊరికే ఇస్తవా? బయటిదానివైతే బయటి గింజలియ్యి."

అప్పటిదాకా ఆ చిక్కు ఎవరికీ తోచలేదు, నాకు కూడా. ఊరు దాటితే గాని బయటి గింజలు దొరకవు. గింజలు ఇస్తే గాని ఊరు దాటలేను. రోడ్డు మీద బస్సు టైము అవుతోంది. నేను తల తిప్పేలోపే విజయమ్మ సిస్టర్ టీకాల డబ్బా కింద పెట్టి, చేతిసంచిలో నుంచి గుడ్డ మూట తీసి నా చేతిలో పోశారు. తల్లాడ బియ్యం. ప్రతి ఏడూ ఆమె పండుగ బుధవారానికి రెండు పిడికెళ్ళు తెచ్చుకునేవారు, వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు ఒకటి. రెండోది నాకిచ్చి, తనకోసం రుమాలు కొసన ముడివేసిన చిల్లర విప్పుకుంటూ, "నాది చిల్లరతో అయిపోతదిలే సారక్కా, నువ్వు జల్దీ కానియ్యి" అన్నారు.

ఆ బియ్యం నాగమ్మవ్వ చేతిలో పోశాను. ఆమె వాటిని వేళ్ళతో కదిపి చూసి, "సన్నాలు" అని మెచ్చుకుంది. పాట ఎత్తుకున్నది మా అత్త. అంతసేపూ మూసుకుని ఉన్న నోరు అప్పుడు తెరిచింది. నేను ఆడాను, నా పక్కన విజయమ్మ సిస్టర్ ఆడారు. ఆమె నిజంగానే సక్కగా ఆడలేదు. చుట్టు పూర్తయ్యాక తాడు దిగింది. దాటి నాలుగు అడుగులు వేశాక వెనుక నుంచి నాగమ్మవ్వ కేక వినిపించింది. "ఓ బయటిదానా! నౌకరీ రాకుంటే మాత్రం తాడు దించనే దించ, చూస్కో!"

ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురు. అధ్యక్షురాలు బ్రిగేడియర్ హోదాలో ఉన్న నర్సింగ్ అధికారి, ఆమెకు కుడి పక్క కర్నల్ హోదాలో ఒక వైద్యుడు, ఎడమ పక్క మరొక అధికారి. మొదటి ప్రశ్న పదో తరగతి దాకా ఏ బడిలో చదివారని. మా మేనత్త దగ్గర అన్నాను. ముగ్గురూ తల ఎత్తారు. తర్వాత వృత్తి ప్రశ్నలు వచ్చాయి. రక్తస్రావంతో షాక్‌లోకి పోతున్న రోగిని తెస్తే వరుసగా ఏం చేస్తారన్నది అందులో పెద్దది. శ్వాసదారి, శ్వాస, రక్తప్రసరణ, రెండు చేతులకూ పెద్ద సూదులు, రక్త గ్రూపుకు నమూనా, వైద్యునికి కబురు, వీటిలో ఏది ఆగితే ఏమవుతుందో కూడా చెప్పాను. కర్నల్ తల ఊపారు.

చివరి ప్రశ్న అధ్యక్షురాలిది. నా జవాబు చాలామందికి నచ్చకపోవచ్చు గనుక ప్రశ్న కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీది అడవి ప్రాంతం, అక్కడ నర్సులు దొరకరు, మీ వాళ్ళకు సేవ చేయకుండా ఇటు ఎందుకు వచ్చారని అడిగారు. మర్యాదగానే అడిగారు. కాలేజీలో కూడా ఇదే ప్రశ్న నన్ను ఎన్నోసార్లు అడిగారు. నాతో చదివిన పట్నం పిల్లలను ఎవరూ అడగలేదు. వాళ్ళు ఏ దేశం పోయినా అభినందించారు. నేను ఎక్కడికి పోదామన్నా అడవే గుర్తుచేశారు.

నేను చెప్పింది ఇది. మా ఊరికి నర్సు కావాలన్నది నిజం, ఉంది కూడా. ఆమెది మా ఊరు కాదు, మా భాష కాదు, మా దేవత కాదు. తల్లాడ నుంచి వచ్చింది. నర్సు తన వాళ్ళకే నర్సు అయితే ఆమె మా ఊరికి రాకూడదు. ఆమె తన ఊరు దాటి మా దగ్గరికి వచ్చినట్టే, నేను నా ఊరు దాటి ఇంకొకరి దగ్గరికి పోతాను. అడవి పిల్ల అడవిలోనే పనిచేయాలన్న నియమం ఎక్కడైనా ఉంటే చూపించండి, చదువుకుంటాను.

ఆ ఆఖరి వాక్యం అనకుండా ఉండవలసిందేమో. అన్నాను. అధ్యక్షురాలు నా కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత, అట్లాంటి నియమం ఏదీ లేదు లెఫ్టినెంట్, అన్నారు. అప్పటికి నేనింకా లెఫ్టినెంట్‌ను కాను.

వైద్య పరీక్షలో షేప్ వన్ వచ్చింది. మనసు, వినికిడి, కాళ్ళుచేతులు, శరీర దారుఢ్యం, చూపు అన్న ఐదింటిలోనూ లోపం లేదని దాని అర్థం. వానాకాలం ముగిసేలోగా చేరమని ఉత్తర్వు అందింది.

చేరిన వారంలో మా బ్యాచిని ఏ దళపు ఆసుపత్రికి పోదలిచారో వరుసగా మూడు ఇష్టాలు రాసివ్వమన్నారు. నర్సింగ్ సర్వీసు ఒకటే అయినా ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటి ఆసుపత్రులకూ మనుషులను పంపుతారు. ఇష్టం అడుగుతారు, ఇస్తామన్న హామీ లేదు. ఖాళీని బట్టి పంపిస్తారు. బ్యాచిలో ఉన్న తెలుగు పిల్లలు విశాఖ నౌకాదళ ఆసుపత్రి రాశారు. ఎర్రయ్య మామ, ఇంక నన్ను ఆపలేనని తెలిసి, ఫోన్లో అదే చెప్పాడు. "విశాఖ పెట్టు పిల్లా, కొత్తగూడెం కాడ రైలెక్కితే తెల్లారేసరికి నీ కాడుంట. లేకుంటే హైదరాబాదు దిక్కు గాలి మోటార్ల దవాఖానా రాయి." పెద్ద మేట్రన్ కూడా దయతో, మొదటి పోస్టింగు కాబట్టి ఇంటికి దగ్గర అడగవచ్చునన్నారు.

నేను మూడు చోట్లా ఆర్మీ అనే రాశాను. మొదటి దాంట్లో ఈశాన్య సరిహద్దు, రెండో దాంట్లో ఉత్తర సరిహద్దు, మూడో దాంట్లో ఎక్కడైనా అని. కాగితాలు తీసుకునే సుబేదార్, జవాన్ల పైన, ఆఫీసర్ల కింద ఉండే హోదా ఆయనది, నా కన్నా సర్వీసులో ఎంతో పెద్దవాడు, అయినా నిలబడి సెల్యూట్ చేసి, మేడమ్, మూడూ వేరువేరుగా రాయాలి గదా అన్నాడు. ఇష్టం అడిగారు, నా ఇష్టం ఇదే అన్నాను. ఆయన నవ్వి తీసుకున్నాడు.

సముద్రం మీద గాని ఆకాశం మీద గాని నాకు కోపం లేదు. రెండింటికీ దూరం నుంచే దండం పెడతాను. కానీ నేను మొక్కింది నేలకు. ఆ ఏడు నా చేతి విత్తనం పడకుండా వదిలి వచ్చింది కూడా నేలనే. పనిచేస్తే నేల మీద కాపలా ఉన్నవాళ్ళ దగ్గరే చేయాలనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. తాడు దాటడానికి అంత ఇచ్చుకున్నదాన్ని, పొద్దున పోయి మాపటికి ఇంటికొచ్చే చోటు అడిగితే ఆ ఇచ్చుకున్నదానికి అర్థం ఏముంది?

మొదటి ఇష్టమే దక్కింది. ఈశాన్య సరిహద్దు కొండల్లో చిన్న సైనిక ఆసుపత్రి. ఎండలకు అలవాటైన ఒళ్ళు అక్కడి చలికి మొదటి నెల చాలా ఇబ్బంది పడింది. పై పోస్టుల నుంచి పాదాలు మంచుకు మొద్దుబారిన జవాన్లను దింపేవారు. అట్లాంటి పాదాన్ని రుద్దకూడదు, నిప్పుకు కాచకూడదు. ఒంటి వేడికి కొంచెం పైగా ఉన్న నీళ్ళలో ఉంచి, ఆ వేడి తగ్గకుండా నీళ్ళు మారుస్తూ, రంగు తిరిగేదాకా పక్కనే ఉండాలి. రంగు తిరిగేటప్పుడు నొప్పి ఎక్కువ. పెద్ద పెద్ద మనుషులు ఏడుస్తారు. ఒకసారి సందర్శకుల వేళ దాటాక కూడా మంచం పక్కనే నిలబడి ఉన్న ఒక పై అధికారిని, దారి కావాలి, బయట ఉండండి అన్నాను. ఆయన వెళ్ళి వసారాలో నిలబడ్డారు.

మరుసటి ఏడు సెలవు మీద వచ్చేసరికి మళ్ళీ భూమి పండుగ. తాడు కట్టే ఉంది. కొస నాగమ్మవ్వ చేతిలోనే ఉంది. దారిలో భద్రాచలంలో కొన్న బియ్యం పిడికిట పట్టుకుని నిలబడ్డాను.

"ఊరిదానివా, బయటిదానివా?" అంది.

"నువ్వే చెప్పు."

"ఏడాదంత ఇదే ఆలోచన చేసిన. వచ్చేటప్పుడు ఊరిదానివి, పొయ్యేటప్పుడు బయటిదానివి. ఇప్పుడొద్దు, పొయ్యేటప్పుడు ఇయ్యి." తాడు దించింది. నేను ఒంగి పొలిమేర మట్టిని కళ్ళకద్దుకుని లోపలికి నడిచాను. మూడో రోజు గింజల్లో నాకు వాటా ఇచ్చారు. తొలి పిడికెడు మాత్రం చెల్లెలు చల్లింది. ముందటేడు నాకు బదులు చల్లింది గనుక ఆ చెయ్యి ఇక ఆమెదే.

నేను దాటిపోయిన ఏడు వాన ఆలస్యమైంది. నా వల్లే అన్నవాళ్ళున్నారు. నాగమ్మవ్వ ముందే చెప్పింది గనుక నేను నొచ్చుకోలేదు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళన్నింటిలోనూ ఆలస్యమైంది. ఆ ఊళ్ళల్లో ఎవరు దాటారో నాకు తెలియదు.

ఇప్పుడు నేను ఊళ్ళోనే ఉంటున్నాను. పండుగ రోజుల్లో పరీక్షలకు, కౌన్సెలింగులకు పోయే పిల్లలు బయటి గింజలు పిడికెడు ముందే తెచ్చి పెట్టుకుని, తాడు దగ్గర ఇచ్చి, ఆడి, దాటిపోతున్నారు. వచ్చాక ఊరివాళ్ళుగానే వస్తున్నారు. దీనికోసం పంచాయితీ పెట్టలేదు, కొత్త కట్టు చేయలేదు. పాత కట్టులో ఉన్నదే.

ఆ బుధవారం నాకు నేర్పింది ఇంతే. ఒక నియమాన్ని పాటించే ముందు గాని, ధిక్కరించే ముందు గాని, దాన్ని కాపాడేవాళ్ళ ఎదుట నిలబడి కొసదాకా అడగాలి. సైన్యంలో ఆర్డరు విషయంలోనూ పద్నాలుగేళ్ళు ఇదే పద్ధతి నాకు పనికొచ్చింది. అడిగాక ఎంత ఇచ్చుకోవాలో తెలుస్తుంది. ఇచ్చుకోగలిగితే దాటాలి. దాటాక ఏడవకూడదు.

విజయమ్మ సిస్టర్ రిటైరయ్యేదాకా మా సబ్‌సెంటర్‌లోనే చేసి, తల్లాడలో కన్నుమూశారు. చదువుతున్న మీకు ఒక మనవి. మీ వాళ్ళకు మీరే సేవ చేసుకోవాలి గాని ఇక్కడికెందుకు వచ్చారని ఎవరైనా ఎవరినైనా అడుగుతుంటే విన్నప్పుడు, రెండు పిడికెళ్ళ బియ్యం మూట కట్టుకుని, రాని ఆట ఆడి, ఏటేటా మా తాడు దాటి లోపలికి వచ్చిన తల్లాడ విజయమ్మను తలచుకోండి.